ఆకలిగొన్నవాడి వైపు నుంచి మత్తయి 25

(ఉత్తర తెలంగాణ పల్లె సంఘాల్లో పనిచేసి కన్నుమూసిన ఉపదేశకుల, బైబిల్ స్త్రీల స్మారకోపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసాన్ని ఎవరో ఒక్కరి పేరిట పెట్టలేదు. కరీంనగర్, జగిత్యాల, మంథని, లక్షెట్టిపేట, నిర్మల్ చుట్టుపక్కల ఊళ్లలో కాలినడకన, ఆ తర్వాత సైకిళ్ల మీద తిరిగి వాక్యం చెప్పిన ఉపదేశకులందరి పేరిట పెట్టారు. వాళ్లంత కష్టమూ పడి, వాళ్ల జీతంలో సగం కూడా ఎరగని బైబిల్ స్త్రీల పేరిట పెట్టారు. మిషన్ చరిత్ర పుస్తకాల్లో దొరల ఫొటోలుంటాయి, దొరసానుల ఉత్తరాలుంటాయి. మాలవాడలో, మాదిగవాడలో కందీలు వెలిగించి రాత్రి బడి నడిపిన పంతులు పేరు మాత్రం ఎక్కడో ఒక పక్కన, చాలాసార్లు ఇంటిపేరు లేకుండానే కనిపించి పోతుంది. వాళ్లను తలచుకునే రోజు కాబట్టి, ఒకే ఒక్క సువార్త భాగం తీసుకుని, దాన్ని మన ప్రాంతపు సంఘాలు ఎట్లా చదివాయి, చదివి ఏం చేశాయి అన్నది మీ ముందు పెడతాను.

ఆ భాగం మత్తయి 25వ అధ్యాయం చివరన ఉంది. మనుష్యకుమారుడు రాజుగా కూర్చుంటాడు. జనాలన్నీ ఆయన ముందు పోగవుతాయి. గొల్లవాడు గొర్రెలనూ మేకలనూ వేరుచేసినట్టు ఆయన వాళ్లను వేరుచేస్తాడు. గొర్రెలనూ మేకలనూ ఒకే మందగా తోలుకుపోయే మన జిల్లాల్లో ఈ బొమ్మకు వివరణ అక్కర్లేదు. తీర్పుకు ఆయన పెట్టిన కొలత చాలా చిన్నది. ఆకలిగొన్నవాడికి తిండి, దప్పికగొన్నవాడికి నీళ్లు, పరదేశికి చోటు, బట్ట లేనివాడికి బట్ట, రోగికి పరామర్శ, చెరసాలలో ఉన్నవాడి దగ్గరికి ఒక రాక. అల్పులైన ఈ నా సహోదరులకు చేసింది నాకు చేసినట్టే, చేయనిది నాకు చేయనట్టే అంటాడు రాజు. కుడివైపువాళ్లూ ఎడమవైపువాళ్లూ ఒకే ప్రశ్న అడుగుతారు: నిన్నెప్పుడు చూశాం ప్రభువా? తెలిసి చేసినవాళ్లు అటు లేరు, తెలిసి మానినవాళ్లు ఇటు లేరు. నాకు ఈ అధ్యాయంలో అన్నిటికంటే బరువైన మాట ఆ ప్రశ్నే. మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

పాతకాలపు సంఘం ఈ భాగాన్ని గట్టిగానే పట్టుకుంది. 4వ శతాబ్దంలో అంతియొకయలో యోహాను క్రిసోస్తొము మత్తయి సువార్త మీద ప్రసంగాలు చేస్తూ సంఘాన్ని నిలదీశాడు: బల్ల మీద బంగారు గిన్నెలు పెట్టి, గుమ్మం బయట క్రీస్తును ఆకలితో వదిలేస్తే ఆ గిన్నెలెందుకు? అదే శతాబ్దంలో, సిరియా దేశపు కవి, డీకను అయిన మార్ ఎఫ్రేము ఎదెస్సా పట్టణంలో కరువు వచ్చినప్పుడు పాటలు పక్కన పెట్టి తిండి పంచే పనికి దిగాడనీ, రోగులకు సేవ చేస్తూనే 373లో కన్నుమూశాడనీ సిరియా సంఘం చెప్పుకుంటుంది. ఎదెస్సా మనకు దూరమనుకోకండి. మంచిర్యాలలో ఉన్న ఆదిలాబాద్ సిరో-మలబార్ కథోలిక పీఠానిది ఆ సిరియా సంప్రదాయమే. 1962లో చాందా మిషన్‌గా సి.ఎం.ఐ. అనే కథోలిక సన్యాస సభ ఫాదర్లకు అప్పగించిన ప్రాంతం నుంచి విడిపడి, 1999లో ఆదిలాబాద్ పీఠం ఏర్పడింది. గోదావరి ఒడ్డున సిరియా పూజాక్రమం తెలుగులో వినిపిస్తోందంటే దాని వెనుక అంత పొడవైన దారి ఉంది. ఎండాకాలంలో వాగులో చెలిమె తవ్వి, ఊరిన నీళ్లను గిన్నెతో తోడుకునే గోండు గూడేలు ఆ పీఠం హద్దుల్లోనే ఉన్నాయి. దప్పిక అన్న మాట అక్కడ ఇంకా అక్షరాలా దప్పికే.

సి.ఎం.ఐ. సభను మొదలుపెట్టినవారిలో ఒకరైన చావర కురియాకోస్ ఏలియాస్ తండ్రిని 2014లో పోపు ఫ్రాన్సిస్ పునీతుడిగా ప్రకటించారు. కేరళలో ఆయన పేద పిల్లల మధ్యాహ్న భోజనానికి ఒక పద్ధతి పెట్టాడు. ప్రతి ఇంట్లో అన్నానికి బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి పక్కన పెట్టాలి. దిక్కులేని ముసలివాళ్ల కోసం, చావుకు దగ్గరైనవాళ్ల కోసం 1869లో కైనకరిలో ఒక ఇల్లు కూడా నిలబెట్టాడు. ఇక్కడ మన వెస్లియన్లకూ ఆంగ్లికన్లకూ ఒక మాట చెప్పాలి. పిడికెడు బియ్యం మన ఆచారమని మనమూ అనుకుంటాం. తప్పేమీ లేదు. 1912 నుంచి 1945 దాకా దోర్నకల్ బిషప్‌గా ఉన్న అజరయ్యగారి కాలంలో ఆ డయాసిస్ పల్లెల్లో క్రైస్తవ స్త్రీలు వంటకు ముందు పిడికెడు తీసి సంఘానికి దాచేవారు. ఒక సంఘాన్ని చూసి ఇంకో సంఘం నేర్చుకుందో లేదో నాకు తెలియదు. ఆకలి తెలిసిన ఇళ్లలో ఎవరికైనా తట్టే ఆలోచన అది.

ఆ పిడికెడును మన ప్రాంతపు ఇళ్లలో దగ్గరగా చూద్దాం. శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు 1963లో నెహ్రూ పునాదిరాయి వేశాడు. కాకతీయ కాలువ నీళ్లు మన పొలాల్లోకి రావడానికి ఆ తర్వాత చాలా ఏళ్లు పట్టింది. ఆ నీళ్లు రాకముందు కూలివాళ్ల ఇంట్లో వరి అన్నం పండుగనాటి మాట. మామూలు రోజుల్లో జొన్న రొట్టె, మక్క గటక. ఆ ఇంటి తల్లి పొయ్యి మీద ఎసరు పెట్టి, చేటలో గింజలు పోసుకుని, రాళ్లు ఏరి, ఉడకేసే ముందు పిడికిలి నింపి ముంతలో వేస్తుంది. పిల్లలు ఆ పిడికిలిని చూస్తూనే ఉంటారు. అది తమ గిన్నెలోంచి పోతోందని వాళ్లకు తెలుసు. ఆదివారం ఆ ముంతలన్నీ గుడికి వస్తాయి. ఒకరివి జొన్నలు, ఒకరివి నూకలు, ఒకరివి దొడ్డు బియ్యం, అన్నీ ఒకే గంపలో కలుస్తాయి. కోత పండుగకైతే గుమ్మడికాయ, కోడిపెట్ట, నాలుగు గుడ్లు కూడా వస్తాయి. ఆరాధన అయ్యాక వేలం పాడతారు, ఒక్క గుడ్డు అంగడి ధరకు ఎన్నో రెట్లు పలుకుతుంది. ఆ డబ్బుతో పంతులు జీతంలో కొంత, జబ్బుపడినవాళ్ల మందులో కొంత గడిచేవి. ఇది దానధర్మం లెక్కలోకి రాదని నా అభిప్రాయం. మత్తయి 25లో రాజు ఎవరి పక్షాన నిలబడ్డాడో వాళ్లే, తమ ఆకలిలోంచి ఇంకొకరి ఆకలికి కొలిచి పెట్టారు. ఈ అధ్యాయం మీద మన నేలలో పుట్టిన మొదటి వ్యాఖ్యానం ఆ ముంతే అంటాను.

మన వెస్లియన్ పునాదికి వద్దాం. 1880 ప్రాంతంలో విలియం బర్జెస్ సికింద్రాబాద్‌లో మొదలుపెట్టిన పని కొద్ది ఏళ్లలోనే కరీంనగర్‌కు చేరింది. 1947 సెప్టెంబర్ 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఆ సంఘాలు అందులో చేరాయి. 1978 నుంచి కరీంనగర్ వేరే డయాసిస్‌గా నడుస్తోంది. ఆదిలాబాద్ వైపు సంఘాలు మెదక్ డయాసిస్‌తో ఉన్నాయి. వీటన్నిటికీ వెనుక నిలబడ్డ జాన్ వెస్లీ 1730 నుంచే ఆక్స్‌ఫర్డ్ జైలులో ఖైదీల దగ్గరికి వెళ్లడం అలవాటు చేసుకున్నవాడు. ముసలితనంలో రోగుల పరామర్శ మీద ఒక ప్రసంగం రాశాడు. దాని మూలవాక్యం ఈ 25వ అధ్యాయంలోదే. అందులో ఆయన వాదన సూటిగా ఉంటుంది. ప్రార్థన, ఉపవాసం, ప్రభుభోజనం ఎట్లా కృపకు దారులో, రోగి దగ్గరికి వెళ్లడమూ అట్లాంటి దారే. డబ్బు పంపితే సరిపోదు, వైద్యుణ్ని పంపినా సరిపోదు, నీ కాళ్లతో నువ్వే వెళ్లాలి. వెళ్లాక ముందు ఒంటి సంగతి అడుగు, తిండి ఉందా, కప్పుకోవడానికి ఉందా అని అడుగు, ఆత్మ సంగతి ఆ తర్వాత. ఈ వరుస మన ఉపదేశకులకు ఎవరూ ప్రత్యేకంగా నేర్పనక్కర్లేకపోయింది. వాళ్లు వెళ్లిన గుడిసెలో ముందు కనిపించేది జ్వరమే కదా.

ఇంతకాలంలో ఈ వాక్యం ఇటువైపు చేసిన పెద్ద పని మన పొరుగున, నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో జరిగింది. స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో వైద్యం చదివిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ 1907లో హైదరాబాద్ రాజ్యానికి వచ్చారు. ఊరి బయట బతుకుతున్న కుష్ఠు రోగులను చూసి 1915 నాటికి డిచ్‌పల్లిలో ఆస్పత్రి నిలబెట్టారు. అందుకు పెద్ద మొత్తంలో సాయం చేసిన నర్సాగౌడ్ హిందువు. ఈ సంగతిని మన ప్రసంగాల్లో తరచుగా దాటవేస్తాం. దాటవేయకూడదు. రాజు ముందు కుడివైపు నిలబడేవాళ్లలో ఎవరుంటారన్న ప్రశ్నకు మన ప్రాంతమే ఇచ్చిన జవాబు అది. అప్పట్లో కుష్ఠుకు మందు చాల్‌మూగ్రా జాతి గింజల నూనె. చిక్కటి ఆ నూనెను సూదితో ఒంట్లోకి ఎక్కించేవారు. ఎక్కించినచోట వాచి, రోజుల తరబడి సలిపేది. ఒక్క సూదితో పోయే రోగం కాదు, నెలల తరబడి వచ్చి ఆ నొప్పి పడాలి. ఆ మధ్యలో స్పర్శ చచ్చిన పాదాల పుండ్లను ఎవరో ఒకరు రోజూ కడగాలి. కన్నవాళ్లే ముట్టని పాదం అది. ఆ కడిగిన చేతుల్లో దొరసాని చేతులు రెండే. మిగతావన్నీ మన కంపౌండర్లవి, ఆయాలవి, కొంత నయమై అక్కడే ఉండిపోయిన రోగులవి. 1923లో ఇసబెల్ కెర్‌గారికి కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చారు. న్యాయంగా ఇచ్చారు. మిగతా చేతులకు పతకాల్లేవు. వాళ్లను కూడా ఈ సభ ఈ రోజు తలచుకోవాలి.

ఇక అందరూ అడిగే ప్రశ్న. తిండి కోసం, మందు కోసం మతం మారారు కదా అంటారు. ఈ మాట వందేళ్లుగా వింటున్నాం. దీనికి రెండు వైపులా జవాబు చెప్పాలి. మతం మార్చడానికే తిండి పెట్టినవాడు ఎవడైనా ఉంటే, మత్తయి 25 ముందు వాడు నిలబడలేడు. కుడివైపువాళ్లకు తాము ఎవరికి పెడుతున్నామో తెలియదు. లెక్క చూసుకుని పెట్టినవాడు ఆ వరుసలో ఇమడడు. ఇది మనవాళ్లకు చెప్పాల్సిన జవాబు. ఇక అడిగేవాళ్లకు చెప్పాల్సింది: ఆకలిగొన్నవాడికి ఆకలి తప్ప ఇంకే ఆలోచనా ఉండదనుకోవడం అవమానకరం. దొర గడిలో వెట్టి చేసి, ఊరి బావి దగ్గర దూరంగా నిలబడి, ఎవరైనా పోస్తే తాగిన మనిషికి గంజితో పాటు కూర్చోమన్న మాట కూడా కావాలి. పేరు పెట్టి పిలిచే పిలుపు కావాలి. పిల్లవాడికి పలక కావాలి. వాటి కోసం వచ్చినవాళ్లను తక్కువచేసి మాట్లాడే అర్హత, వాటిని ఇవ్వనివాళ్లకు లేదు. వచ్చాక కూడా వాళ్లు సుఖపడిందేమీ లేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి షెడ్యూల్డ్ కులాల జాబితాలో చోటు పోయింది. మన రాష్ట్రంలో వాళ్లు బి.సి.-సి కిందికి వస్తారు. కులం మారలేదు, వాడ మారలేదు, హక్కు మాత్రం మారింది.

కలిసి తినడం గురించి కూడా చెప్పాలి. 1950లో హైదరాబాద్‌లో హెబ్రోను అనే ఆరాధన స్థలాన్ని మొదలుపెట్టిన సువార్తికుడు బక్త్ సింగ్ సహవాసాల్లో ఆరాధన అయ్యాక ప్రేమ విందు ఉంటుంది. కింద చాపల మీద, కులమూ ఉద్యోగమూ చూడకుండా వరుసగా కూర్చుని తింటారు. మన జిల్లాల్లో ఆ సహవాసాల నుంచి పుట్టిన సంఘాలు చాలానే ఉన్నాయి. వేదాంతం విషయంలో నాకు వాళ్లతో కొన్ని తేడాలున్నాయి. ఆ చాప విషయంలో ఏ తేడా లేదు. పెట్టేవాడు నిలబడి, తినేవాడు కూర్చుంటే అది అన్నదానం. ఇద్దరూ కూర్చుంటే అది ఈ అధ్యాయానికి దగ్గరవుతుంది.

పండితుల్లో ఒక పాత తగాదా ఉంది. రాజు నా సహోదరులని పిలిచిన ఆ అల్పులు ఎవరు? లోకంలోని పేదలందరూ అని చాలామంది అంటారు. కాదు, సువార్త చెబుతూ ఊరూరా తిరిగే శిష్యులు, వాళ్లకు అన్నం పెట్టిన జనాల గురించే ఈ తీర్పు అని కొందరంటారు. అదే మత్తయి 10వ అధ్యాయంలో శిష్యుడికి చల్లని నీళ్లిచ్చినవాడి మాట వస్తుంది కాబట్టి వాళ్లకూ ఆధారం లేకపోలేదు. గ్రంథాలయంలో ఈ తగాదా తేలదు. మన ఉపదేశకుడి బతుకులో మాత్రం ఈ రెండూ కలిసిపోయాయి. వాక్యం చెప్పడానికి వచ్చినవాడే ఆకలితో వచ్చేవాడు. పది మైళ్లు నడిచి పొద్దుగూకే వేళకు వాడకు చేరితే, ఒక విధవరాలు తన రొట్టెలో సగం తుంచి పెట్టేది. ఆమెకు ఆయన అల్పుడైన సహోదరుడు, ఆయనకు ఆమె. ఎవరు ఎవరికి చేశారో విడదీసి చెప్పడం నా వల్ల కాదు.

ఇప్పుడు మన రోజుల మాట. అన్నీ చెప్పే సమయం లేదు, రెండు చెబుతాను.

ఒకటి, పరదేశి. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు ఊళ్లలో గల్ఫ్‌కు పోని ఇల్లు వెతుక్కోవాలి. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర, అంటే పనికి పెట్టుకున్న యజమాని దగ్గర ఉంటుంది. ఆకామా, అంటే నివాస అనుమతి గడువు అయిపోయి, కంపెనీ వదిలి బయట పనిచేస్తే ఖల్లీవల్లి, అంటే కాగితాలు లేని కూలి. మన పిల్లలే ఇప్పుడు మత్తయి 25లోని పరదేశులు. అక్కడ మన తెలుగు సంఘాలున్నాయి. శుక్రవారం సెలవున్న దేశాల్లో శుక్రవారమే ఆరాధన. దుబాయ్‌లాంటిచోట ఒకే ప్రాంగణంలో గంటల వంతున ఎన్నో భాషలవాళ్లు ఆరాధించుకుంటారు. ఇక్కడ పక్కపక్క వీధుల్లో ఉండి పలకరించుకోని సంఘాలవాళ్లు అక్కడ ఒక్క పాటల పుస్తకం పట్టుకుని పాడతారు.

ఆ పరదేశి చనిపోతే? మత్తయి చెప్పిన ఆరింటికి కథోలిక సంఘం ఏడోది చేర్చింది, చనిపోయినవారిని సమాధి చేయడం. దానికి ఆధారం తోబీతు గ్రంథం. మన ప్రొటెస్టంటు బైబిల్లో ఆ గ్రంథం లేదు కాబట్టి కథ చెబుతాను. తోబీతు చెరపట్టబడి నీనెవె పట్టణంలో బతుకుతున్న ఇశ్రాయేలీయుడు. రాజు చంపించి పారేసిన తనవాళ్ల శవాలను దొంగచాటుగా తీసుకుపోయి సమాధి చేసేవాడు. అందుకు ఆస్తంతా పోయింది, ప్రాణం దక్కించుకోవడానికి దాక్కోవాల్సి వచ్చింది. తిరిగి వచ్చాక ఒక పండుగనాడు విస్తరి ముందు కూర్చుని, మనవాళ్లలో ఎవరైనా పేదవాడు కనిపిస్తే తీసుకురా, కలిసి తిందామని కొడుకును పంపాడు. కొడుకు ఒంటరిగా తిరిగొచ్చి, అంగడి వీధిలో మనవాడి శవం పడి ఉందన్నాడు. తోబీతు ముద్ద ముట్టకుండా లేచాడు. పొద్దుగూకాక గొయ్యి తవ్వాడు. ఇరుగుపొరుగు నవ్వారు, బుద్ధి రాలేదా నీకు అన్నారు. వలస వచ్చినవాడు తన తోటి వలసవాడిని మట్టిలో పెట్టిన కథ అది. కరీంనగర్ జిల్లా చదవాల్సిన కథ. శంషాబాద్‌లో విమానం దిగే పెట్టె కోసం వారాల తరబడి ఎదురుచూసే ఇళ్లు మనకు తెలుసు. అక్కడి లేబర్ క్యాంపుల్లో చందాలు పోగుచేసి, ఆస్పత్రి, పోలీసు, ఎంబసీ కాగితాలన్నీ తిరిగి ఆ పెట్టెను పంపేవాళ్లలో హిందువులూ, ముస్లింలూ, మనవాళ్లూ ఉన్నారు. తోబీతు గ్రంథాన్ని ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఆ పనిని ఒప్పుకోక తప్పదు.

రెండోది, చెరసాల. క్రిస్మస్‌కు జైలుకు వెళ్లి పాటలు పాడి, కేకు పంచి వస్తాం. మంచిదే. మన దేశపు జైళ్లలో ఉన్నవాళ్లలో నలుగురిలో ముగ్గురు శిక్షపడని విచారణ ఖైదీలు. బెయిలు వచ్చినా జమానతు ఇచ్చేవాడు లేక లోపలే ఉండిపోయినవాళ్లు వాళ్లలో ఉన్నారు. మన సంఘాల్లో పట్టా భూమి ఉన్నవాళ్లున్నారు, ఉద్యోగులున్నారు, వకీళ్లున్నారు. వెస్లీ నీ కాళ్లతో నువ్వే వెళ్లమన్నాడు. ఇక్కడ కాళ్లతో పాటు ఒక సంతకం కూడా కావాలి. దాంట్లో ప్రమాదం ఉంది. మనిషి పారిపోతే ఇచ్చినవాడు ఇరుక్కుంటాడు. తోబీతుకూ ప్రమాదం ఉండింది.

పెద్దలకు ఒక విన్నపం. మన సంఘాల్లో గుడి కట్టే నిధి ఉంది, పునాదిరాళ్ల మీద దాతల పేర్లున్నాయి. మెదక్ గుడిని 1914 నుంచి 1924 దాకా కట్టినప్పుడు కరువు రోజుల్లో ఎందరో కూలివాళ్లకు ఆ పనే తిండి పెట్టిందని మనం గర్వంగా చెప్పుకుంటాం. గుడులు వద్దని నేను అనను. కానీ క్రమంగా మనం పెట్టేవాళ్ల వరుసలోకి జరిగిపోతున్నాం, ఫొటో తీసి దుప్పట్లు పంచుతున్నాం. ఫొటో తీసుకున్నవాడు రాజు ముందు నిన్నెప్పుడు చూశాం అని అడగలేడు.

కాబట్టి పని పెట్టుకుందాం. 2024లో రాష్ట్ర ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షల రూపాయలు ప్రకటించింది. దరఖాస్తు రాయడం, మరణ ధృవీకరణ పత్రం తెప్పించడం, కలెక్టరాఫీసు చుట్టూ తిరగడం చదువురాని తల్లికి అయ్యే పని కాదు. ప్రతి పాస్టరేట్‌లో, ప్రతి కథోలిక విచారణలో చదువుకున్న ఇద్దరు యువకులు ఈ బాధ్యత తీసుకోవాలి. చనిపోయినవాడు ఏ మతమని అడగకూడదు. తిరుగుడు ఖర్చుకు పిడికెడు బియ్యం డబ్బు వాడాలి. ఆ డబ్బు మొదటి నుంచీ ఇట్లాంటి అవసరాలకే ఉంది. సభ అయ్యాక బయట బల్ల దగ్గర ఒక పుస్తకం పెట్టారు. రావాలనుకునేవాళ్లు పేరు, ఊరు, ఫోను నంబరు రాసి వెళ్లండి.